ఏలూరు ప్రాంతంలో బహిరంగ ఉత్సవాలు: అనుమతులు, నిర్వహణ

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లో జాతరలు, గణపతి నవరాత్రులు, ఊరేగింపులు జరిపేది ప్రధానంగా వీధి కమిటీలు, గ్రామపెద్దలు, ఆలయాలు. పురపాలక సంస్థలు సొంతంగా తలపెట్టే ఉత్సవాలు తక్కువ. పారిశుధ్యం, మంచినీరు, వీధిదీపాలు, నిమజ్జన రేవుల ఏర్పాటు వాటి వంతు. అనుమతులిచ్చే అధికారం పలు శాఖల మధ్య ఉంటుంది.

పాలనా నేపథ్యం

మద్రాసు ప్రెసిడెన్సీలో 1865 నాటి పట్టణాభివృద్ధి చట్టం వచ్చిన మరుసటి ఏడాది, 1866లో, ఏలూరు పురపాలక సంఘం ఏర్పడింది. 2005లో అది నగరపాలక సంస్థ అయింది. తాడేపల్లిగూడెం నేటికీ పురపాలక సంఘమే. అక్కడ వర్తించేది 1965 నాటి మున్సిపాలిటీల చట్టం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఏలూరు కొత్త జిల్లాకు కేంద్రమైంది. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో మిగిలింది. కైకలూరు ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఆ ప్రాంతంలోని కొల్లేటికోట పాత పుస్తకాల్లో కృష్ణా జిల్లాలో కనిపించడానికి కారణమిదే.

గంగానమ్మ జాతర

ఏలూరు ఉత్సవాల్లో విశిష్టమైనది ఏడేళ్లకోసారి వచ్చే గంగానమ్మ జాతర. పడమర వీధి, తూర్పు వీధి, దక్షిణపు వీధి, పవర్‌పేట, ఆదివారపుపేట వంటి చోట్ల ఎవరి జాతర వారిదే. కమిటీలూ వేరు, చందాలూ వేరు. వీధిలో తాత్కాలికంగా కట్టే మేడల్లో అమ్మవార్లను కొలువుదీర్చి, వారాల తరబడి నైవేద్యాలు, మొక్కులు సాగించి, చివర పొలిమేర దాటించి సాగనంపుతారు. మశూచి, కలరా వంటి అంటురోగాల భయం నుంచి ఈ ఆచారం పుట్టిందన్నది స్థానిక కథనం. కోస్తాలోని ఇతర గ్రామదేవతల కొలుపులతో పోల్చి చూస్తే అది నమ్మదగినదిగానే తోస్తుంది. మేడ వీధి మధ్యలోనే లేస్తుంది కాబట్టి రాకపోకల మళ్లింపు, మురుగు కాలువల శుభ్రత, రాత్రి దీపాలు ఒకేసారి అవసరమవుతాయి. నగరపాలక సంస్థకు అసలు పని ఇక్కడే పడుతుంది.

కొల్లేటి లంకలు

కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణ శుద్ధ పాడ్యమి నుంచి పౌర్ణమి దాకా జరుగుతుంది. ఆలయ పాలన దేవాదాయ శాఖది. కొల్లేరు సరస్సు విస్తీర్ణాన్ని మూలాలు రెండు రకాలుగా చెబుతాయి. అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా 2002లో గుర్తింపు పొందిన రామ్‌సర్ స్థలం సుమారు 901 చదరపు కిలోమీటర్లు. 1999లో ప్రకటించిన అభయారణ్యం సుమారు 308. ఉత్సవాల ఏర్పాట్లకు సంబంధించినంతవరకు రెండో అంకెనే ఆధారంగా తీసుకోవడం సబబు. అటవీ శాఖ ఆంక్షలు వర్తించేది ఆ పరిధిలోనే.

అనుమతుల తీరు

ఊరేగింపులను, బహిరంగ సభలను నియంత్రించే అధికారం 1861 నాటి పోలీసు చట్టంలోని 30వ సెక్షన్ నుంచి వస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకును నిషేధిస్తాయి. పండుగల సందర్భంగా ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. పందిరికి తాత్కాలిక కరెంటు కనెక్షన్ ఏలూరులో తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఇస్తుంది.

వినాయక చవితి పందిరికి పోలీసులు ఏకగవాక్ష విధానంలో ఆన్‌లైన్‌లో దరఖాస్తు తీసుకుంటున్నారు. కమిటీ బాధ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు, పందిరి వేసే స్థలం, విగ్రహం ఎత్తు, నిమజ్జనం జరిపే రోజు, చోటు అందులో నింపాలి. మైకుకు, విగ్రహాల ఎత్తును బట్టి వసూలు చేస్తున్న రుసుములను 2024లో ప్రభుత్వం ఎత్తివేసింది. 2025లో పందిళ్లకు ఉచిత విద్యుత్తు ప్రకటించింది. ఇటీవలి కాలంలో ఉత్సవాలకు అందిన ప్రత్యక్ష ప్రభుత్వ పోషణలో ఇదే ప్రధానమైనదని చెప్పవచ్చు.

2023 నాటి ఉత్తర్వు

2022 డిసెంబరు 28న కందుకూరులో 8 మంది, 2023 జనవరి 1న గుంటూరులో ముగ్గురు సభల్లో జరిగిన తొక్కిసలాటల్లో మరణించారు. దీంతో జనవరి 2న రోడ్లపై సభలను కట్టడి చేస్తూ ప్రభుత్వం జీవో నంబరు 1 జారీ చేసింది. 2023 మేలో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. సభలను నియంత్రించే అధికారం పోలీసులకు ఉన్నా, దానికి హద్దులున్నాయని ఈ తీర్పు తేల్చింది.

అంచనా

రుసుముల రద్దు కమిటీల భారం తగ్గించింది. భద్రత బాధ్యత మాత్రం ఇంకా చెల్లాచెదురుగానే ఉంది. పోలీసు ఇచ్చే అనుమతి పత్రం కాలువ పూడిక తీయించదు, తాగునీటి ట్యాంకరు పంపదు. ఏడేళ్లకోసారి వచ్చే జాతర ఏ ఏడాది వస్తుందో ఊరందరికీ తెలుసు. దానికి ముందు ఏడాది బడ్జెట్‌లోనే ప్రత్యేక పద్దు కేటాయించి, వీధి కమిటీలను, పోలీసు, విద్యుత్తు, అగ్నిమాపక అధికారులను ఒకచోట కూర్చోబెట్టడం ఏలూరు నగరపాలక సంస్థ చేయగలిగిన పని, చేయవలసిన పని.