చిత్తుప్రతి – శుద్ధప్రతి: గృహ ధ్వనిముద్రణ చరిత్రలో రెండు ఘట్టాలు

1. ఉపోద్ఘాతం

పాటను ముద్రించాలంటే బయటి శబ్దం చొరబడని గది, ఖరీదైన యంత్రాలు, గంటల లెక్కన అద్దె తప్పవన్న భావన 20వ శతాబ్దంలో చాలాకాలం కొనసాగింది. ఇంట్లో చేసుకున్న ముద్రణ చిత్తుప్రతిగా, స్టూడియోలో చేసినది శుద్ధప్రతిగా చలామణి అయ్యాయి. తక్కువ ఖర్చుతో ఏర్పడిన రెండు గృహ స్టూడియోలు ఈ విభజనను ఎలా చెరిపివేశాయో, అందుకు ఏ మూల్యం చెల్లించాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గదులే పరికరాలు

స్టూడియోల్లో సాంకేతికునిగా పనిచేసిన జో మీక్ 1960ల ఆరంభంలో లండన్‌లోని 304 హాలోవే రోడ్డులో, తోలు వస్తువుల దుకాణం పైనున్న అద్దె ఇంటిని స్టూడియోగా మార్చారు. అక్కడ స్నానాలగదిలోని ప్రతిధ్వని కూడా ముద్రణకు ఉపయోగపడింది. 1964 నాటి ‘హ్యావ్ ఐ ద రైట్?’ పాటలో చెక్కమెట్లపై కాళ్లతో తొక్కిన చప్పుడు డ్రమ్ముల లయకు బలాన్నిచ్చింది. 1962లో ‘ది టోర్నడోస్’ బృందం వాయించిన ‘టెల్‌స్టార్’ బ్రిటన్, అమెరికా రెండు దేశాల్లోనూ అగ్రస్థానాన్ని అందుకొంది. అయితే ఈ విజయం వెనుక మీక్ సాంకేతిక పరిజ్ఞానం ఉంది. అది లేని గాయకునికి ఈ మార్గం అందుబాటులో లేదు.

3. నాలుగు ట్రాకుల క్యాసెట్

ఆ లోటును 1979లో టియాక్ సంస్థ విడుదల చేసిన ‘144 పోర్టాస్టూడియో’ కొంతవరకు తీర్చింది. మిక్సరు, రికార్డరు ఒకే పెట్టెలో ఇమిడాయి. సాధారణ క్యాసెట్‌లో రెండు వైపులకు పంచిన నాలుగు ట్రాకులను ఇది ఒకే దిశలో, రెట్టింపు వేగంతో వాడుకొంది. ఫలితంగా 60 నిమిషాల క్యాసెట్‌లో 15 నిమిషాలే ముద్రించడం సాధ్యమైంది.

అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్‌లో, అద్దె ఇంటి పడకగదిలో, ఈ యంత్రాన్నీ రెండు షూర్ ఎస్ఎం57 మైకులనూ ఉపయోగించి పాటలు ముద్రించుకొన్నారు. ముందుగా గొంతు, గిటారు; మిగిలిన ట్రాకులపై హార్మోనికా వంటి చేర్పులు. అవి తన బృందానికి వినిపించవలసిన చిత్తుప్రతులు మాత్రమే. కాని స్టూడియోలో బృందం వాయించిన రూపాల్లో మొదటి ముద్రణలోని ఏకాంతం నిలవలేదు. చివరకు ఆ క్యాసెట్టే 1982 సెప్టెంబరులో ‘నెబ్రాస్కా’గా వెలువడింది. క్యాసెట్‌లోని ధ్వనిని గ్రామఫోన్ రికార్డుకు మార్చడానికి మాత్రం సాంకేతికులు పలుమార్లు శ్రమించవలసి వచ్చింది.

4. ముగింపు

ఈ రెండు ఉదాహరణల్లోనూ ఖర్చు పూర్తిగా తొలగిపోలేదు. దాని స్థానం మారింది. మీక్ విషయంలో అది ముందే ఆర్జించిన పరిజ్ఞానంగా, స్ప్రింగ్‌స్టీన్ విషయంలో చివరి దశలోని సాంకేతిక శ్రమగా కనిపిస్తుంది. ఆయన తొలి ముద్రణను స్టూడియోలో తిరిగి చేయడానికి బృందం, సమయం ఉన్నా ప్రయత్నం ఫలించలేదు. కనుక గృహ స్టూడియో చరిత్రను యంత్రాల ధరలు తగ్గిన క్రమంగా మాత్రమే చదవడం అసంపూర్ణం. ఏ ప్రతిని శుద్ధప్రతిగా స్వీకరించాలో నిర్ణయించే అధికారం స్టూడియో నుండి గాయకుని ఇంటికి చేరిన క్రమంగా కూడా దానిని పరిశీలించాలి.