కూతవేటు దూరంలో ఘాజీ

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని చూసి బయటికొచ్చినవాళ్లు సముద్రాన్ని వెనకేసుకుని ఫోటోలు దిగుతుంటారు. ఆ ఫోటోల్లో పడే నీళ్ల కింద, ఒడ్డుకు కొద్ది కిలోమీటర్ల లోపే, ఇంకో జలాంతర్గామి ఉంది. పాకిస్తాన్ నౌకాదళానికి చెందిన ఘాజీ. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటిన కాసేపటికి మునిగింది. లోపల 90 మందికి పైగా మనుషులు. ఒక్కడూ బతికి బయటపడలేదు.

మాది సీతారామపురం. వెలికొండల కింద మెట్ట నేల. మాకు తెలిసిన లోతు బావి లోతే. వేసవిలో దిగుడుబావి మెట్ల మీద నుంచి దూకి, అడుగు తాకినట్టు రుజువుగా పిడికెడు బురద పట్టుకు రావాలి. రెండు నిలువుల లోతుకే చెవుల్లో సూదులు గుచ్చినట్టుండేది. పది మీటర్లు దిగితే ఒంటి మీద గాలి ఒత్తిడికి ఇంకో అంత కలుస్తుందనీ, ప్రతి పది మీటర్లకూ అలా పెరుగుతూ పోతుందనీ తర్వాతెప్పుడో చదువుకున్నాం. కురుసుర లోపల నడుస్తుంటే నాకు గుర్తొచ్చింది ఆ చెవి నొప్పే.

కురుసుర రష్యన్లు కట్టిన ఓడ. 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది, 2001 ఫిబ్రవరిలో సేవ నుంచి విరమించింది, మరుసటి ఏడాది ఇసుక మీదికెక్కి మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లు. ఏడు గదులు, గదికీ గదికీ మధ్య గుండ్రటి కంత. తల వంచి, కాలెత్తి దూరాలి. టోర్పెడోల పక్కనే పడకలు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాల్సిందే. పిల్లలకిది సరదా. నాకు మాత్రం ఘాజీ లోపల కూడా ఇంచుమించు ఇలాగే ఉండి ఉంటుందన్న ఆలోచన వచ్చాక అక్కడ నిలబడబుద్ధి కాలేదు. విజయాన్ని చూపించడానికి పెట్టిన ఓడలోనే ఓడిపోయినవాళ్ల చావు అర్థమవుతుంది. మరోచోట కాదు.

ఘాజీ పుట్టుకే ఆలస్యం. అమెరికాలో 1944 డిసెంబరులో నీళ్లలోకి దిగింది, అప్పటి పేరు డయాబ్లో. జపాను మీద తొలి వేటకు 1945 ఆగస్టులో పెర్ల్ హార్బర్ దాటిందో లేదో యుద్ధమే అయిపోయింది. 1964లో అద్దె మీద పాకిస్తాన్‌కు వచ్చింది. 1965 యుద్ధంనాటికి మన దగ్గర ఒక్క జలాంతర్గామీ లేదు. ఘాజీ బొంబాయి వైపు ఎక్కడో ఉందన్న అనుమానమే మన నౌకాదళాన్ని ఇబ్బంది పెట్టింది. తర్వాత టర్కీలో మరమ్మతులు చేయించి, సముద్రంలో మైన్లు పరిచే ఏర్పాటు కూడా పెట్టించారు.

1971 నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరింది. కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్. పని ఒకటే, విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడం. పాకిస్తాన్ దగ్గర కొత్త ఫ్రెంచి జలాంతర్గాములున్నా, సింహళం చుట్టి బంగాళాఖాతం దాకా వచ్చి ఉండగలిగిన దమ్ము ఈ ముసలిదానికే ఉంది. విక్రాంత్ కూడా ఆరోగ్యంగా ఏమీ లేదు. బాయిలర్‌లో పగులు, పూర్తి వేగం అందుకోలేని స్థితి.

తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్‌లో దాచి, అది విశాఖ దగ్గరే ఉన్నట్టు నాటకం ఆడించారు. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ చేత విక్రాంత్‌లాగా రేడియో మాటలు పంపించారు. పెద్ద నౌకాదళం వచ్చిందనిపించేలా ఊళ్లో సరుకులకు భారీగా ఆర్డర్లిచ్చారు. విక్రాంత్‌లోని ఒక నావికుడు జబ్బుపడిన తల్లి ఎలా ఉందో కనుక్కుంటున్నట్టు ఒక తంతి కూడా, శత్రువు చెవిన పడేట్టుగానే, పంపారు. కృష్ణన్ తన జ్ఞాపకాల్లో చెప్పుకున్న సంగతే ఇది. యుద్ధంలో ఇది మంచి ఎత్తే, నేను కాదనను. కానీ ఆ లేని తల్లి దగ్గర నా మనసు కాసేపు ఆగిపోతుంది. లేని ఓడ కోసం, లేని తల్లి మాట నమ్మి, ఇంటి దగ్గర నిజమైన తల్లులున్న కుర్రాళ్లు నీళ్లకింద కాచుకుని కూర్చున్నారు.

డిసెంబరు 3 రాత్రి రాజ్‌పుత్ రేవు దాటింది. లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నీళ్లలో ఏదో కదలిక పసిగట్టి రెండు డెప్త్ చార్జీలు, అంటే నీళ్లకింద పేలే బాంబులు, వేయించారు. కొన్ని నిమిషాలకు పెద్ద పేలుడు. ఊళ్లో కిటికీలు అదిరాయి. ఇందిరాగాంధీ ప్రసంగం కోసం రేడియోల దగ్గర కూర్చున్నవాళ్లు భూకంపమేమో అనుకున్నారు. జాలర్లకు నీళ్ల మీద చమురు తెట్టు, తేలే సామాను కనిపించాయి. జలాంతర్గాముల రక్షణ నౌక నిస్తార్ నుంచి గజ ఈతగాళ్లు దిగి, అడుగున పడున్నది ఘాజీయేనని తేల్చారు. ముందుభాగం పేలిపోయి ఉంది. చేతికందిన కొద్ది శవాలను సైనిక మర్యాదలతో సముద్రంలోనే కలిపారు.

ఎలా పోయిందన్నది తేలలేదు. రాజ్‌పుత్ కొట్టిందని మనవాళ్లు. తాను పరిచిన మైన్ మీదికి తానే వచ్చిందని పాకిస్తాన్. బ్యాటరీలు ఛార్జ్ చేస్తున్నప్పుడు పుట్టే హైడ్రోజన్ గదిలో నిండి, ఒక్క నిప్పురవ్వతో పేలిందని మరికొందరు. సీసం బ్యాటరీలకు ఆ గుణం ఉంది. గాలిలో నాలుగు శాతం దాటితే హైడ్రోజన్ అంటుకుంటుంది. రోజుల తరబడి నీళ్లకింద దాగిన పాత ఓడలో అది అసాధ్యమేమీ కాదు. నా మొగ్గు ఈ చివరి మాట వైపే. పేలుడు లోపలి నుంచే వచ్చిందనిపిస్తుంది. పొరబడితే పొరబడవచ్చు.

ఆ డిసెంబరు 4నే విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద బాంబులు వేయడం మొదలుపెట్టాయి. 1997లో విక్రాంత్ సేవ నుంచి విరమించింది, ముంబైలో కొన్నాళ్లు మ్యూజియంగా నిలబడింది, 2014లో పాతినుముకింద అమ్ముడుపోయింది. ఆ ఇనుము కొంత కలిపి బజాజ్ కంపెనీ 'వి' అనే మోటార్‌సైకిల్ తెచ్చింది. మా ఊరి వైపు రోడ్ల మీదా అవి తిరిగే ఉంటాయి. ఘాజీని మాత్రం ఎవరూ పైకి తీయలేదు. లోతులో చిక్కుకున్న జలాంతర్గాముల్లోని మనుషుల్ని కాపాడే కొత్త యంత్రంతో ఈమధ్య మన నౌకాదళం దాని జాడ మళ్లీ చూసి, చనిపోయినవాళ్ల మీది గౌరవంతో ముట్టుకోబోమని చెప్పింది.

ఘాజీ మునిగిన సంగతి ఢిల్లీ ప్రకటించింది డిసెంబరు 9న. ఆ సాయంత్రమే డయ్యూ దగ్గర, అరేబియా సముద్రంలో, పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన యుద్ధనౌక ఖుక్రిని టోర్పెడోతో కొట్టింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదలకుండా దానితోనే వెళ్లిపోయారు. కరాచీ ఇళ్లలో మొదలైన ఏడుపు అప్పటికింకా ఆగి ఉండదు, మన ఇళ్లలోనూ మొదలైంది.