చెవికి చిల్లు నిలవని చిట్టెలుక



నేను వృత్తిలో ఉన్న కాలంలో ఒక పెద్దాయన అరికాలి పుండుతో నా వద్దకు వచ్చారు. ఆయనకు చాలా ఏళ్ళుగా మధుమేహం ఉన్నది. పుండు మొదలై అప్పటికే మూడు నెలలు. ఇంత ఆలస్యం ఎందుకు చేశారని అడిగితే, "మా నాయనకూ ఇట్లాగే అయింది డాక్టరుగారూ. మాది పుండు మానని ఒళ్ళు. మందు పెట్టి ఏం లాభం?" అన్నారు. చివరకు ఆయన కాలి వేళ్ళు రెండు తీసివేయవలసి వచ్చింది.

ఆయన మాటలో కొంత సత్యం ఉన్నది, కొంత పొరపాటు ఉన్నది. గాయం మానే తీరు వంశపారంపర్యంగా వస్తుందా అన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞులు సమాధానం వెదికినది ఎక్కువగా చిట్టెలుకలలో. ఆ వెదుకులాట చరిత్ర తెలుసుకుంటే ఆ సత్యమేదో, ఆ పొరపాటేదో మనకే బోధపడుతుంది.

ఒకే అచ్చులో పోసిన ఎలుకలు

మనుషులలో ఈ ప్రశ్నను తేల్చడం కష్టం. ఇద్దరి గాయాలు వేర్వేరు వేగాలతో మానితే దానికి వయస్సు, ఆహారం, రక్తప్రసరణ, పరిశుభ్రత, పొగాకు అలవాటు, ఇలా ఏదైనా కారణం కావచ్చు. జన్యువుల పాత్రను విడదీయాలంటే జన్యువులన్నీ ఒకే విధంగా ఉండే జీవులు కావాలి. వాటిని ఒకే గూటిలో, ఒకే మేతతో పెంచగలగాలి.

అటువంటి జీవులు లభించడానికి పరోక్ష కారకురాలు అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో గ్రాన్బీ అనే ఊరికి చెందిన ఆబీ లాత్రోప్. ఒకప్పుడు ఉపాధ్యాయినిగా పనిచేసిన ఆమె 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో వినోదం కోసం పెంచుకునే రంగురంగుల చిట్టెలుకలను పెంచి అమ్మేవారు. క్రమంగా పరిశోధకులూ ఆమె వద్దనే ఎలుకలు కొనసాగారు. 1921లో క్లారెన్స్ కుక్ లిటిల్ అనే జన్యు శాస్త్రజ్ఞుడు ఆమె మందకు చెందిన 57వ నంబరు ఆడ ఎలుకను 52వ నంబరు మగ ఎలుకతో జతకలిపి ఒక వంశాన్ని ఆరంభించాడు. నేడు ప్రపంచమంతటా ప్రయోగశాలలలో కనిపించే సి57 నల్ల ఎలుకల పేరులోని అంకె ఆ తల్లి నంబరే. తోబుట్టువులనే జతకలుపుతూ కనీసం 20 తరాలు పెంచితే ఆ వంశంలోని ఎలుకలన్నీ దాదాపు కవలల వలె తయారవుతాయి. ఇటువంటి వంశాలను కాపాడే జాక్సన్ ప్రయోగశాలను 1929లో మేన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో లిటిలే స్థాపించాడు.

మాయమైన చిల్లులు

ఎలుకలను గుర్తుపట్టడానికి వాటి చెవులకు చిన్న చిల్లులు వేయడం ప్రయోగశాలలలో పాత అలవాటు. చెవికి వేసిన చిల్లు జీవితాంతం నిలిచి ఉంటుందన్న నమ్మకమే దానికి ఆధారం. మన ఇళ్ళలో పిల్లలకు చెవులు కుట్టించేటప్పుడు మనం నమ్మేదీ దాదాపు అదే గదా!

1990ల నడుమ ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో ఎలెన్ హీబర్-కాట్జ్ అనే శాస్త్రజ్ఞురాలు శరీర రక్షణ వ్యవస్థ తన శరీరంపైనే తిరగబడే వ్యాధులను పరిశోధిస్తున్నారు. అందుకు వాడుతున్నవి ఎం.ఆర్.ఎల్. అనే వంశపు ఎలుకలు. కొన్ని వారాల తరువాత చూస్తే వాటి చెవులలో చిల్లులు లేవు. అసలు చిల్లులు వేయనేలేదేమోనన్న అనుమానం ఎవరికైనా కలుగుతుంది. మళ్ళీ చిల్లులు వేసి పరిశీలించారు. అవి మళ్ళీ పూడిపోయాయి.

1998లో ఆమె బృందం ఈ సంగతిని ప్రకటించింది. 2 మిల్లీమీటర్ల చిల్లు సి57 ఎలుక చెవిలో కొంత కుంచించుకొని అలాగే నిలిచిపోయింది. ఎం.ఆర్.ఎల్. ఎలుక చెవిలో దాదాపు నెల రోజులలో పూర్తిగా పూడింది. అది కేవలం చర్మం కప్పుకోవడం కాదు. లోపల కొత్త మృదులాస్థి ఏర్పడింది, రోమకూపాలు తిరిగి వచ్చాయి. బల్లి తోకకు పరిమితమనుకున్న విద్య క్షీరదాలలోనూ కొంత మిగిలి ఉన్నదని తేలింది.

ఈ శక్తి ఎక్కడిది? ఎం.ఆర్.ఎల్. ఎలుకలలో ఒక శాఖకు లూపస్ వంటి వ్యాధి తెచ్చే జన్యులోపం ఉన్నది. ఆ లోపం లేని శాఖలోనూ చిల్లులు పూడాయి కనుక కారణం అది కాదు. ఈ వంశపు పూర్వీకులలో అత్యధిక భాగం ఎల్.జి. అనే వంశానిది. అది పెద్ద శరీరం కోసం తరతరాలుగా ఎంపికచేసి పెంచిన వంశం. దానికీ చెవి చిల్లులు పూడ్చుకునే శక్తి ఉన్నదని తరువాత తెలిసింది. పరిమాణం కోసం ఎంచుకుంటే, ఎవరూ కోరని మరొక గుణం కూడా వెంట వచ్చిందన్నమాట.

ఒక్క జన్యువు కాదు, ఒక్క చోటు కాదు

హీబర్-కాట్జ్ బృందం రెండు వంశాలనూ సంకరపరచి మనుమల తరాన్ని పరీక్షించింది. ఒకే జన్యువు కారణమైతే, మెండెల్ బఠాణీ మొక్కలలో వలె, మానేవీ మాననివీ స్పష్టంగా వేరుపడవలసింది. అలా జరగలేదు. బాగా పూడిన చెవి మొదలు ఏమాత్రం పూడని చెవి దాకా అన్ని మెట్లూ కనిపించాయి. కారణాలు 8, 12, 13, 15 క్రోమోజోములపై చెదరి ఉన్నట్లు 1998లోనే ప్రకటించారు. 2010లో అదే బృందం మరొక అడుగు వేసింది. కణ విభజనకు కళ్ళెం వేసే పి21 అనే జన్యువును తొలగిస్తే, మామూలుగా ఈ శక్తి లేని ఎలుకలలోనూ చెవి చిల్లులు పూడాయి. కాని ఆ కళ్ళెం ప్రకృతి ఊరకే పెట్టినది కాదు. దెబ్బతిన్న కణం అదుపు తప్పి విభజన చెందకుండా ఆపే ఏర్పాట్లలో అదీ ఒకటి.

ఇంతకన్నా గమనింపదగిన విషయం 2006లో వెలువడింది. ఇదే ఎం.ఆర్.ఎల్. ఎలుక వీపు చర్మంపై గాయం చేస్తే అది మామూలు ఎలుకకు వలెనే మచ్చతోనే మానింది. అదే ఎలుక, అవే జన్యువులు. చెవిలో ఒక ఫలితం, వీపు మీద వేరొక ఫలితం. జన్యువు ఏమి చేస్తుందన్నది అది ఏ కణజాలంలో, ఏ పరిస్థితిలో పనిచేస్తున్నదో దానిపై కూడా ఆధారపడుతుందని దీని అర్థం.

మధుమేహపు ఎలుక

మన పెద్దాయనకు మరింత దగ్గరి చుట్టం ఇంకొక ఎలుక. 1966లో జాక్సన్ ప్రయోగశాల వారు ఒక జన్యులోపం వలన స్థూలకాయమూ మధుమేహమూ వచ్చే ఎలుకలను వర్ణించారు. ఆకలి తీరిందని మెదడుకు తెలిపే లెప్టిన్ అనే హార్మోనును అందుకునే గ్రాహకమే వాటిలో చెడిపోయిందని 1990లలో తెలిసింది. వీటి చర్మ గాయాలు చాలా ఆలస్యంగా మానుతాయి. అయితే రక్తంలోని ప్లేట్‌లెట్ల నుంచి వెలువడే వృద్ధి కారకాన్ని పుండుపై పూస్తే త్వరగా మానుతున్నట్లు 1990లో చూపించారు. జన్యులోపం అలాగే ఉన్నది. గాయం మాత్రం మానింది. ఆ వృద్ధి కారకంతో తయారైన బెకాప్లెర్మిన్ లేపనాన్ని మధుమేహ రోగుల కాలి పుండ్లకు వాడేందుకు 1997లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఎలుక చర్మం కింద ఒక పలుచని కండర పొర ఉంటుంది. అది గాయం అంచులను దగ్గరకు లాగివేస్తుంది. మన చర్మంలో గాయం అడుగు నుంచి కొత్త కణజాలం నిండి, పైన చర్మం అల్లుకోవాలి. అందుకే 2004లో కొందరు పరిశోధకులు ఎలుక గాయం చుట్టూ సిలికోన్ వలయం బిగించి, ముడుచుకోకుండా ఆపి పరీక్షించే పద్ధతిని తెచ్చారు. కనుక ఎలుకకు పనిచేసినది మనకూ పనిచేస్తుందని వెంటనే నమ్మరాదు.

ఇప్పుడు పెద్దాయన మాటకు తిరిగి వద్దాం. గాయం మానే తీరులో వంశానికి పాత్ర ఉన్నది, అది సత్యం. కాని వంశమే తుది తీర్పు అనుకోవడం పొరపాటు. జన్యులోపాన్ని పుట్టుకతో తెచ్చుకున్న ఎలుక గాయమే చికిత్సకు లొంగినప్పుడు, మధుమేహాన్ని అదుపులో ఉంచుకోగల మనిషి నిరాశపడనేల?

మీకు మధుమేహం ఉంటే ప్రతి రాత్రి పడుకునే ముందు అరికాళ్ళను, వేళ్ళ సందులను చూసుకోండి. చూపు ఆనకపోతే ఇంట్లో వారిని చూడమనండి. ఇంటా బయటా చెప్పులు లేకుండా నడవకండి. పొగ మానండి. కాలిపై పుండు ఏర్పడితే, నొప్పి లేకపోయినా సరే, మరునాడే వైద్యుని వద్దకు వెళ్ళండి. మీ తండ్రిగారికి పుండు మానలేదన్న సంగతి మీకు ఎప్పుడైనా గుర్తుకు వస్తే, అది ఇంట్లో కూర్చోవడానికి కారణం కాదు. అందరికన్నా ముందుగా బయలుదేరడానికి కారణం.