నక్కపల్లి కళాబృందాలకు కేంద్రం గ్రాంట్.. ముందు ఈ పని చేయండి

నక్కపల్లి: కోలాటం, తప్పెటగుళ్లు ప్రదర్శన పెట్టాలంటే ఊరి చందాలే దిక్కా? కేంద్ర సాంస్కృతిక శాఖ 'కళా సంస్కృతి వికాస్ యోజన' కింద సాంస్కృతిక కార్యక్రమాలకు సాధారణంగా రూ.5 లక్షల వరకు గ్రాంట్ ఇస్తోంది. అయితే ఇది సంస్థలకే. సొసైటీగానో, ట్రస్టుగానో రిజిస్టరై కనీసం 3 ఏళ్లు దాటాలి. అంటే ఇప్పుడు రిజిస్టర్ చేసుకోకపోతే మూడేళ్ల లెక్కే మొదలుకాదు!

ఏపీ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం-2001 ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు. తర్వాత పాన్, బ్యాంకు ఖాతా, ఎన్జీవో దర్పణ్ ఐడీ తీసుకోవాలి. ఏటా లెక్కలు ఆడిట్ చేయించండి. ప్రదర్శనల ఫొటోలు, పేపర్ కటింగులు దాచుకోండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే.. గడువు శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. గ్రాంట్ వచ్చాక బిల్లులు జాగ్రత్త. వినియోగ పత్రం ఇవ్వకపోతే మిగతా విడత ఆగిపోతుంది.