వెబ్‌సైటు దోష సందేశాలు

వెబ్‌సైటు దోష సందేశం అనగా అంతర్జాలంలో ఒక పుటను తెరవబోయినపుడు, ఆ పుటకు బదులుగా కంప్యూటరు లేదా ఫోను తెరపై కనిపించే సూచన. "404 నాట్ ఫౌండ్", "503 సర్వీస్ అన్‌అవైలబుల్", "సర్వరు దొరకలేదు" వంటివి తరచుగా ఎదురవుతుంటాయి. వీటిని చూడగానే యంత్రం చెడిపోయినదని భయపడేవారు, అదే పనిగా మీట నొక్కేవారు చాలామంది ఉన్నారు. నిజానికి పొరపాటు ఎవరి వైపున ఉన్నదో తెలుపుటయే ఈ సందేశాల ఉద్దేశం. అది చూచేవారి వైపున ఉండవచ్చు, అవతలి సర్వరు వైపున ఉండవచ్చు, లేదా మధ్య దారిలో ఉండవచ్చు. పరీక్షా ఫలితాలు, డిగ్రీ ప్రవేశాలు, ఉద్యోగ దరఖాస్తులు అంతర్జాలం ద్వారానే జరుగుతున్నందున, గడువు చివరి రోజున ఉట్నూరుకో ఆసిఫాబాదుకో వచ్చి ఇంటర్నెట్ కేంద్రంలో కూర్చున్న విద్యార్థికి ఈ తేడా తెలియడం చాలా అవసరం.

సందేశం వెనుక జరిగేది

మనం చిరునామా టైపు చేయగానే బ్రౌజరు ముందుగా ఆ పేరుకు చెందిన సంఖ్యా చిరునామాను డీఎన్ఎస్ అనే వ్యవస్థను అడిగి తెలుసుకుంటుంది. తరువాత ఆ సంఖ్య గల సర్వరుతో సంబంధం ఏర్పరచుకొని పుటను కోరుతుంది. సర్వరు తన జవాబుతో పాటు మూడంకెల సంఖ్యను కూడా పంపుతుంది. జెనీవా వద్ద గల సెర్న్ పరిశోధనా సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన హెచ్‌టీటీపీ నియమావళిలో ఈ సంఖ్యలు భాగం. 1996 మే నెలలో వెలువడిన 1.0 పత్రంలోను, 2022 జూన్‌లో సవరించిన పత్రంలోను మొదటి అంకెకు గల అర్థం ఒక్కటే. 2 అయితే పని జరిగినది. 3 అయితే పుట వేరొక చోటికి మారినది. 4 అయితే కోరిన దానిలో లోపం ఉన్నది. 5 అయితే సర్వరు తన పని చేయలేకపోయినది. సెర్న్‌లో 404వ నంబరు గది ఉండేదని, దాని నుండి ఆ సంఖ్య వచ్చినదని చెప్పే కథ కట్టుకథ మాత్రమే.

సంఖ్య లేని సందేశాలు

సంఖ్య కనిపించలేదంటే సాధారణంగా సర్వరు నుండి జవాబే రాలేదని అర్థం. "ఎన్ఎక్స్ డొమైన్" అనే మాట కనిపిస్తే ఆ పేరు గల వెబ్‌సైటే లేదన్నమాట. ఉత్తరంపై ఊరి పేరే తప్పుగా వ్రాసినట్లు. పేరులోని అక్షరాలను సరిచూసుకోవాలి. "టైమ్డ్ అవుట్" అన్నచో పేరు సరియైనదే గాని, ఎదురుచూచిన సమయంలో జవాబు రాలేదు. వేరొక వెబ్‌సైటు కూడా తెరుచుకోకపోతే లోపం మన కనెక్షనులో ఉన్నదని గ్రహించవచ్చు.

"మీ కనెక్షన్ సురక్షితం కాదు" అనే హెచ్చరిక వేరు. వెబ్‌సైటు తన గుర్తింపుకు చూపే సర్టిఫికెట్టు సరిపోలనపుడు ఇది వస్తుంది. పాత కంప్యూటర్లలో దీనికి ఒక విచిత్రమైన కారణం ఉంటుంది. మదర్‌బోర్డుపై ఉండే రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోతే, కంప్యూటరు తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కు పోతుంది. అప్పుడు చెల్లుబాటులో ఉన్న సర్టిఫికెట్టు కూడా ఇంకా మొదలు కానిదిగా కనిపిస్తుంది. తేదీ సరిచేస్తే చాలు. తేదీ సరిగానే ఉండి హెచ్చరిక వస్తే మాత్రం అక్కడ సంకేతపదం గాని, బ్యాంకు వివరాలు గాని ఇవ్వరాదు. 2014 జూలైలో మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ధ్రువీకరణ విభాగం నుండి గూగుల్ వెబ్‌సైట్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్లు బయటపడినది. ఇటువంటి హెచ్చరికను తేలికగా తీసుకొనరాదు.

4తో మొదలయ్యేవి

వీటిలో అందరికీ తెలిసినది 404. సర్వరు ఉన్నది, కోరిన పుట అక్కడ లేదు. "ఈ చిరునామాలో అట్టివారు లేరు" అని తపాలా శాఖ తిప్పి పంపిన ఉత్తరం వంటిది. ఉత్తర తెలంగాణ విషయంలో దీనికి ప్రత్యేక కారణాలు కలవు. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడినపుడు ప్రభుత్వ శాఖల వెబ్‌సైట్లు మారినవి. 2016 అక్టోబరు 11న పూర్వపు ఆదిలాబాదు నుండి నిర్మల్, మంచిర్యాల, కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లాలు, కరీంనగర్ నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడి, వేటికవే వెబ్‌సైట్లు వచ్చినవి. బాసర సమాచారం నిర్మల్ జిల్లా పుటలకు, వేములవాడ సమాచారం సిరిసిల్లకు, కొండగట్టు సమాచారం జగిత్యాలకు చేరినది. 2024లో టీఎస్ బదులు టీజీ వచ్చినపుడు ఇంటర్మీడియట్ బోర్డు చిరునామాలోని టీఎస్‌బీఐఈ కాస్తా టీజీబీఐఈ అయినది. పాత పుస్తకాలలోను, వ్యాసాలలోను ఉన్న లింకులు పనిచేయకపోవడానికి ఇదే కారణం. చిరునామా మార్చినవారు పాత చోట 301 అనే దారిమార్పు సంఖ్య ఉంచితే చదువరికి ఈ శ్రమ తప్పును. అది చేయడం పెద్ద పని కాదు. 404 వచ్చినపుడు చిరునామాలోని చివరి భాగాలను తొలగిస్తూ మొదటి పుటకు వెళ్ళి, అక్కడ వెదకడం మంచిది.

తెలుగు పేర్లతో ఉన్న లింకులకు మరొక చిక్కు ఉన్నది. చిరునామాను నకలు చేసినపుడు ఒక్కొక్క తెలుగు వర్ణం, గుణింతపు గుర్తు శాతం గుర్తులతో కూడిన తొమ్మిది చిహ్నాలుగా మారుతుంది. "కరీంనగర్" అనే చిన్న పేరు 72 చిహ్నాలు, "ఆదిలాబాద్" 81 చిహ్నాలు అవుతుంది. సందేశంలో పంపేటపుడు చివర ఒక్కటి తెగినా 400 లేదా 404 తప్పదు.

403 అన్నచో పుట ఉన్నది గాని చూచుటకు అనుమతి లేదు. కొన్ని ప్రభుత్వ వెబ్‌సైట్లు భద్రత కొరకు విదేశాల నుండి వచ్చే అభ్యర్థనలను అంగీకరించవు. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు తమ పిల్లల ఫలితాలు చూడబోయి ఇటువంటి సందేశం చూస్తే, ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫలితం ఉండదు. ఇంటివారికి ఫోను చేసి అడగడమే మేలు. 429 అంటే తక్కువ వ్యవధిలో మరీ ఎక్కువసార్లు అడిగారని అర్థం.

5తో మొదలయ్యేవి

ఇక్కడ చూచేవారి తప్పు సాధారణంగా ఏమీ ఉండదు. తెలంగాణలో ఇంటర్మీడియట్ రెండు సంవత్సరాల పరీక్షలకు కలిపి తొమ్మిది లక్షలకు పైగా విద్యార్థులు హాజరవుతారు. ఫలితాలు వెలువడిన నిమిషంలో వీరందరూ, వీరి తల్లిదండ్రులూ ఒకే సర్వరును అడిగితే అది 503 అని జవాబిస్తుంది. హాల్ టికెట్టు నంబరు తప్పని గాని, పరీక్ష తప్పామని గాని దీనికి అర్థం కాదు. ఊరక మీట నొక్కుతూ ఉంటే సర్వరుపై భారం పెరుగుతుందే తప్ప తగ్గదు. అరగంట ఆగి చూడడం ఉత్తమం.

500 అనగా సర్వరు లోపలి ప్రోగ్రాములో లోపం. 502, 504 సంఖ్యలు ముందున్న సర్వరుకు దాని వెనుక సర్వరు నుండి సరియైన జవాబు రాలేదని, లేదా సమయానికి రాలేదని చెబుతాయి. రుసుము చెల్లించేటపుడు 504 వస్తే డబ్బు చేరలేదని అనుకొనరాదు. వెనుక సర్వరు ఆ పని పూర్తిచేసి ఉండవచ్చు. జవాబు మాత్రమే ఆలస్యమై ఉండవచ్చు. పుటను మరల తెరిస్తే "ఫారం మళ్ళీ పంపాలా" అని బ్రౌజరు అడుగుతుంది. అవునంటే రెండవసారి రుసుము పోయే ప్రమాదం ఉన్నది. ముందుగా బ్యాంకు సందేశాన్ని, దరఖాస్తు స్థితిని చూచుకోవాలి. గడువు దగ్గరలో ఉంటే తెరపై ఉన్న సందేశాన్ని తేదీ, సమయం కనిపించేలా ఫొటో తీసి, లావాదేవీ నంబరుతో పాటు సహాయ కేంద్రానికి పంపవచ్చు.