పట్నాన్ని మించిన శివారు

1954 అక్టోబరు 18న కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటు వేశారు. 170 మంది భారతదేశంలో విలీనాన్ని సమర్థించగా ఎనిమిది మంది వ్యతిరేకించారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. ఆ 178 మందిలో అత్యధికులు పురపాలక సభ్యులు. పుదుచ్చేరి విలీన చరిత్రలో ఈ సంగతికి దక్కవలసిన ప్రాధాన్యం నేటికీ దక్కలేదు.

ఫ్రెంచి ప్రభుత్వం 1880లో ఒక డిక్రీ ద్వారా తన భారతీయ స్థావరాలలో కమ్యూన్లను, వాటికి ఎన్నికైన మేయర్లను ఏర్పరచింది. ఆ వ్యవస్థను ఆదర్శంగా చూపవలసిన పని లేదు. ఓటర్ల జాబితాలు జాతిభేదాన్ని పాటించాయి; ఎన్నికలలో దౌర్జన్యం మామూలు వ్యవహారం. అయినా ఊరి పెద్దను ఊరే ఎన్నుకునే ఏర్పాటు ఒకటి ఉండేది. చివరకు ఫ్రెంచి పాలనకు వీడ్కోలు పలికింది ఆ ఏర్పాటే.

పట్నం రూపురేఖలు పర్యాటకులకు సుపరిచితం. కాలువకు తూర్పున సముద్రం వైపు తెల్లవారి పేట, పడమర నల్లవారి పేట. 1761లో ఆంగ్లేయులు నేలమట్టం చేసిన ఊరిని ఫ్రెంచివారు తిరిగి వచ్చి కట్టుకున్నారు. అయితే ఆ ఊరి దాహం తీర్చింది దాని పడమటి శివారు. పందొమ్మిదో శతాబ్దంలో ముత్తిరపాళయం ఊటనీటిని పట్నానికి తెచ్చినందుకు గుర్తుగా నిలిచినదే ఆయి మండపం. ఈనాడది పుదుచ్చేరి ప్రభుత్వ చిహ్నం.

ఆ శివారే ఉళవర్‌కరై. ఫ్రెంచి రికార్డులలో ఉల్గారే. తీరాన ఎదగడానికి చోటు లేని పట్నం స్వాతంత్ర్యానంతరం ఇటువైపే విస్తరించింది. గోరిమేడులో జిప్మెర్ వైద్యసంస్థ వెలసింది. 1985లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయానికి కాలాపట్టులో స్థలం దొరికింది. లాస్‌పేటలో విమానాశ్రయం, తట్టాంచావడిలో, మేట్టుపాళయంలో పారిశ్రామికవాడలు వచ్చాయి. పొలాలు లేఅవుట్లయ్యాయి. 1994లో ఉళవర్‌కరై మున్సిపాలిటీ అయింది. 2001 జనగణన నాటికి రెండు మున్సిపాలిటీల జనాభా దాదాపు సమానం, చెరి 2.2 లక్షల దరిదాపు. 2011లో పుదుచ్చేరి 2.4 లక్షల వద్ద ఉండగా ఉళవర్‌కరై 3 లక్షలకు చేరింది. శివారు పట్నాన్ని మించిపోయింది.

మరి ఈ మూడు లక్షల మందికి కాలువల గురించి, చెత్త గురించి, రోడ్ల గురించి జవాబు చెప్పవలసిన వారెవరు?

1968లో స్థానిక ఎన్నికలు జరిగాయి. ఆ తరువాతివి 2006లో. నడుమ 38 ఏళ్లు! ఐదేళ్లకొకసారి ఎన్నికలు తప్పనిసరి చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చినా పదమూడేళ్లు నిరీక్షించవలసి వచ్చింది. 2006లో ఎన్నికైన సభ్యుల గడువు 2011లో తీరింది. 2021లో నోటిఫికేషన్ వెలువడింది గాని, వివాదం మద్రాసు హైకోర్టుకు చేరడంతో దానిని ఉపసంహరించుకున్నారు. అంటే ఉళవర్‌కరై గ్రామీణ కమ్యూన్ నుంచి నగరంగా మారిన కాలమంతటిలో ఓటర్లు ఎన్నుకున్న మున్సిపల్ పాలకవర్గం దానికి దక్కినది ఆ ఐదేళ్లే. మిగతా కాలమంతా అధికారుల ఏలుబడి.

ఇందుకు కారణాన్ని న్యాయస్థానాలలో కంటే శాసనసభలో వెదకడం మేలు. పుదుచ్చేరిలో ఎన్నికయ్యే శాసనసభ్యులు 30 మంది. ఒక్కో నియోజకవర్గానికి ఓటర్లు సగటున ముప్పై వేల పైచిలుకు మాత్రమే. మహానగరాలలో ఒక్కో వార్డుకే అంతమంది ఉంటారు. వీధి దీపం మొదలు పింఛను దాకా శాసనసభ్యుడి సిఫారసుతోనే నడిచే చోట, అదే వీధిలో మరొక ఎన్నికైన నాయకుడు తలెత్తడం ఎవరికి రుచిస్తుంది? కాంగ్రెస్, ద్రావిడ పక్షాలు, ఎన్.ఆర్. కాంగ్రెస్, ఎవరు గద్దెనెక్కినా ఈ విషయంలో తేడా కనబడలేదు.

తెలుగువారి యానాం కథ మరీ విచిత్రం. 1954 జూన్‌లో, కీళూరు ఓటింగుకు నాలుగు నెలల ముందే, దడాల రఫేల్ రమణయ్య ప్రభృతుల నాయకత్వంలో అది ఫ్రెంచి పాలనను వదిలించుకుంది. గోదావరి ఒడ్డున 30 చదరపు కిలోమీటర్ల ఆ ఊరికి శాసనసభలో ఉన్నది ఒకే ఒక్క స్థానం. రాజధాని వందల కిలోమీటర్ల దూరాన ఉంది. అక్కడి మున్సిపాలిటీలోనూ 2011 తరువాత కుర్చీ అధికారిదే.