చిన్న కోన్, పెద్ద కోన్, ఒక పాత నమ్మకం

ఢిల్లీలో కారుకు మ్యూజిక్ సిస్టమ్ బిగించుకోవాలంటే చాలామంది కరోల్ బాగ్ దారి పడతారు. మా ద్వారక నుంచి మెట్రోలో నేరుగా వెళ్ళవచ్చు. అక్కడే కాదు, మన ఊళ్ళ దుకాణాల్లోనూ ఒక సూత్రం తరచుగా వినిపిస్తూ ఉంటుంది. "ఎనిమిది అంగుళాల సబ్‌వూఫర్ వేగంగా కొడుతుంది, పన్నెండు అంగుళాలది లోతుగా కొడుతుంది. రెండూ కలిపి పెట్టించుకుంటే రెండు లాభాలూ మీవే." ఎందుకని అడిగితే ఉపమానం కూడా సిద్ధంగా ఉంటుంది. తబలా చిన్నది, డగ్గా పెద్దది, రెండూ ఉంటేనే కదా తాళం!

వినడానికి బాగుంది. ఆ మాటకొస్తే జాతకాలు కూడా వినడానికి బాగానే ఉంటాయి. కాబట్టి ఈ సూత్రం ఎక్కడ పుట్టింది, ఇంకా ఎందుకు బతికి ఉంది అని చూద్దాం.

నేను ఇంజనీరును కాను. బీకాం చదివి, రక్షణ శాఖ ఖాతాల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. అయితే ఈ కథలో మా ఖాతాల వాళ్ళకూ కొంచెం వాటా ఉంది. సి.వి. రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి అక్కడి ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు. రామన్ 1907లో కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరి, 1917 దాకా ప్రభుత్వ లెక్కలు చూశాడు. కలకత్తాలో ఉన్న రోజుల్లో ఆఫీసుకు ముందూ తర్వాతా బౌబజార్ వీధిలోని ప్రయోగశాలలో ధ్వని మీద పనిచేసేవాడు. తన్ను తీర్చిదిద్దిన పుస్తకాల్లో ఒకటని ఆయన చెప్పుకున్నది, జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1863లో సంగీత స్వరాల గురించి రాసిన గ్రంథం.

1920లో రామన్, శివకాళి కుమార్ కలిసి 'నేచర్' పత్రికలో మన చర్మ వాద్యాల మీద రాశారు. మామూలు డోలు చర్మం పలికే ఉపస్వరాలకు మూలస్వరంతో పొందిక ఉండదు. మృదంగం, తబలాల మధ్యన అద్దే నల్లని పూత బరువు వల్ల ఆ ఉపస్వరాలు శ్రుతిలోకి వస్తాయని చూపారు. మన వాద్యకారులు చెవితో సాధించిన దాన్ని రామన్ కొట్టిపారెయ్యలేదు, నెత్తిన పెట్టుకుని పూజించనూ లేదు. ఎందుకలా జరుగుతోందో కొలిచి చెప్పాడు. హేతువాదులకు ఇంతకంటే మంచి పద్ధతి ఏముంటుంది?

ఇప్పుడు దుకాణం వారి ఉపమానం చూడండి. తబలా స్వరాన్ని పుట్టిస్తుంది. స్పీకరు, ఎక్కడో పుట్టి రికార్డయిన స్వరాన్ని తిరిగి వినిపిస్తుంది. తబలాకు సొంత గొంతు ఉండాలి. స్పీకరుకు సొంత గొంతు ఉంటే అది లోపం. పాటలో తబలా, డగ్గా ఇప్పటికే ఉన్నాయి. వాటి కోసం డిక్కీలో మరో జత అక్కర్లేదు.

ఇక స్పీకరు చరిత్ర. ఈనాటి స్పీకర్లకు మూలమైన నమూనాను 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ ప్రకటించారు. తీగచుట్ట కాగితపు కోన్‌ను ముందుకూ వెనక్కూ ఊపుతుంది. ఉయ్యాలకు ఒక సహజమైన ఊపు ఉన్నట్టే ప్రతి కోన్‌కూ ఒక అనునాదం ఉంటుంది. అది మనకు కావలసిన స్వరాల కంటే దిగువన ఉంటేనే ధ్వని సమంగా వస్తుందని వాళ్ళు గ్రహించారు.

అయితే ఏ స్పీకరుకు ఎంత పెట్టె కట్టాలో ముందుగా చెప్పే లెక్క చాలాకాలం ఎవరి చేతికీ పూర్తిగా అందలేదు. కట్టి చూడడం, వినడం, మార్చడం, అంతే. ఆ రోజుల్లో "చిన్నది చురుకు, పెద్దది లోతు" అనే సూత్రం తప్పుపట్టవలసింది కాదు. లెక్క లేనప్పుడు అనుభవమే దిక్కు. 1954లో ఎడ్గార్ విల్చర్ ఈ అంచనాలను మొదటిసారి గట్టిగా కదిపాడు. గాలి చొరబడని చిన్న పెట్టెలో పన్నెండు అంగుళాల స్పీకరు బిగించి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకుని, బీరువాలంత పెట్టెలతో పోటీపడే బేస్ రాబట్టాడు. ఆయన సంస్థ అక్కడితో ఆగలేదు. సభల్లో వాద్యకారులు వాయిస్తూ ఉండగా మధ్యలో రికార్డుకు మార్చి, శ్రోతలు పోల్చుకోగలరేమో పరీక్షకు పెట్టింది.

అసలు మలుపు 1961. ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్, రంధ్రమున్న పెట్టెల (దుకాణం భాషలో పోర్టు బాక్సుల) గణితాన్ని ప్రచురించాడు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే బుయ్‌మని మోగుతుందే, హెల్మ్‌హోల్ట్జ్ వివరించిన ఆ అనునాదమే పోర్టు పని. పదేళ్ళపాటు దాన్ని ఎక్కువమంది పట్టించుకోలేదు. 1971లో అమెరికా ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రిక పునర్ముద్రించాక, 1972, 73లలో రిచర్డ్ స్మాల్ వ్యాసాలు తోడయ్యాక, స్పీకరు ఎలా పలుకుతుందో కొద్ది అంకెలతో ముందే లెక్కకట్టే వీలు కలిగింది.

ఆ అంకెలతో మన సూత్రాన్ని ఆడిట్ చేద్దాం.

మొదటిది, వేగం. 40 హెర్ట్జ్ స్వరానికి ఏ కోన్ అయినా సెకనుకు 40 సార్లే ఊగాలి. అంతకంటే వేగంగా ఊగితే అది వేరే స్వరం. అదే స్వరాన్ని అంతే గట్టిగా పలకడానికి ఎనిమిది అంగుళాల కోన్, పన్నెండు అంగుళాల కోన్ కంటే సుమారు రెండుంపావు రెట్లు దూరం కదలాలి. ఎందుకంటే విస్తీర్ణం అంత తక్కువ. కాబట్టి ముందు అలసిపోయేది చిన్నదే. మనం "దెబ్బ" అనుకునేదాంట్లో చాలా భాగం 80 హెర్ట్జ్ పైన ఉంటుంది, అది ఎక్కువగా తలుపుల్లోని స్పీకర్ల పని.

రెండోది, కూడిక. రెండు సమానమైన స్పీకర్లు ఒకే అడుగులో ఊగితే ధ్వని 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అడుగు 90 డిగ్రీలు తప్పితే 3. 120 డిగ్రీలు తప్పితే లాభం సున్నా. 180 డిగ్రీలైతే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఒకే మొత్తాన్ని ఒక గుమాస్తా జమ వైపు, మరొకడు ఖర్చు వైపు రాసినట్టు. అనునాదాలు వేరైన రెండు స్పీకర్లు అన్ని స్వరాల దగ్గరా ఒకే అడుగులో ఉండలేవు.

ఒక లెక్క చూడండి. రెండూ విడివిడి మూసిన పెట్టెల్లో ఉన్నాయి. పెద్దదాని అనునాదం 30 హెర్ట్జ్, చిన్నదానిది 60, మిగతావన్నీ సమానం అనుకుందాం. 42 హెర్ట్జ్ దగ్గర పెద్దదానికి మరో పెద్దది తోడైతే 6 డెసిబెల్స్ లాభం. చిన్నది తోడైతే సుమారు రెండున్నర. అంటే ప్రళయమేమీ రాదు, డబ్బుకు తగ్గ ఫలితం రాదు. ఒకటి మూసిన పెట్టె, ఒకటి పోర్టు పెట్టె అయితే సంగతి ఇంకా చెడుతుంది. పోర్టు స్వరానికి దిగువన అవి దాదాపు ఎదురెదురుగా లాగుతాయి. ఒకే పెట్టెలో రెంటినీ కూరితే ఒకదాని గాలి రెండోదాని మీద స్వారీ చేస్తుంది.

అలాగని "సైజులు ఎప్పుడూ కలపకూడదు" అని మంత్రం జపించేవారితోనూ నేను ఏకీభవించను. చిన్న స్పీకరు, పెద్ద స్పీకరు పని పంచుకోవడం ఇళ్ళలోని సిస్టమ్‌లలో ఎప్పటినుంచో ఉన్నదే. ఏ స్వరం ఎవరిదో క్రాస్ఓవర్‌తో విడగొట్టి, అడుగు కలిసేలా కొలిచి సర్దితే కారులోనూ కుదురుతుంది. నిషేధం సైజు మీద ఉండనక్కర్లేదు, కొలవకుండా కలపడం మీద ఉంటే చాలు.

దుకాణంలో ఏం జరుగుతుంది? రెండూ ఒకేసారి మోగిస్తారు, వాల్యూమ్ పెంచుతారు. గట్టిగా ఉన్నది మన చెవికి మంచిదిగా తోస్తుంది. అక్కడికి ఒక కుర్రవాడి నెల జీతం వెళ్ళిపోతుంది, వినికిడి శక్తి వాయిదాల మీద పోతుంది. కాబట్టి అడగవలసింది ఇది. ఒకే పాట, వాల్యూమ్ గుండీ కదపకుండా, పెద్దది ఒక్కటే, తర్వాత రెండూ. ఏది మోగుతోందో మనకు తెలియకుండా వేరొకరు మార్చాలి. ఆ తర్వాత చిన్నదాని వైర్లు రెండూ తారుమారు చెయ్యమనండి. బేస్ తగ్గడానికి బదులు పెరిగితే, అంతకుముందు ఆ రెండూ కొట్లాడుకుంటున్నాయన్నమాట. దీనికి పైసా ఖర్చు లేదు.

చేతబడి చేస్తామనే వారిని మనం అడిగేదీ ఇదే కదా, ముందుగా చెప్పు, కళ్ళకు గంతలు కట్టి చూపించు అని. పేరున్న సబ్‌వూఫర్ల అట్టపెట్టెలో సాధారణంగా ఒక కాగితం వస్తుంది. థీల్, స్మాల్ కనిపెట్టిన అంకెలు దాని మీద అచ్చయి ఉంటాయి. చాలాచోట్ల అది అట్టపెట్టెతో పాటే చెత్తలోకి పోతుంది. ఈసారి వెళ్ళినప్పుడు ఆ కాగితం అడిగి తీసుకోండి, చదవండి. ఆ తర్వాతే జేబులో చెయ్యి పెట్టండి.